తొలితరం మహిళా మంత్రి జీవితాన్ని రికార్డుల నుంచి రాయడం ఎలా

రుక్మిణీ లక్ష్మీపతి గురించి వెతికితే దాదాపు అన్నిచోట్లా ఒకే వాక్యం దొరుకుతుంది: మద్రాసు ప్రెసిడెన్సీలో తొలి మహిళా మంత్రి. మాట నిజమే. 1946లో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గంలో ఆమె ప్రజారోగ్య శాఖ చూశారు. ఆ శాఖలో ఏ నిర్ణయం తీసుకున్నారు, సభలో ఎవరు నిలదీస్తే ఏం జవాబిచ్చారు, బడ్జెట్‌లో ఎంత అడిగితే ఎంత దక్కింది అన్నవి ఆ వాక్యం తర్వాత రావాలి. రావు. మసూమా బేగం, టి.ఎన్. సదాలక్ష్మి, జె. ఈశ్వరీబాయి... ఎవరి గురించి చదివినా ఇంతే. ‘తొలి మహిళ’ అని బిరుదిచ్చి, చేసిన పనిని అక్కడే వదిలేశాం.

ఆ పని మాత్రం ఎక్కడికీ పోలేదు. సభాచర్చల సంపుటాల్లో, గెజిట్‌లో, జీవోల్లో, పాత పత్రికల్లో ఉంది. దాన్ని బయటికి తీసే పద్ధతి ఇక్కడ చెబుతున్నాం. జిల్లా చరిత్ర రాసే ఉపాధ్యాయులకు, పరిశోధక విద్యార్థులకు, తెలుగు వికీపీడియాలో వ్యాసం మొదలుపెట్టేవాళ్లకు ఇది పనికొస్తుంది. ఉదాహరణలు ఎక్కువగా రుక్మిణీ లక్ష్మీపతివే తీసుకున్నాం. ఆమె ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి భార్య. ఉమ్మడి మద్రాసు రాజకీయాల్లో తెలుగువారితో కలిసి నడిచిన మనిషి. పైగా రికార్డులు చదవడంలో వచ్చే చిక్కులు చాలావరకు ఆమె ఒక్కరి జీవితంలోనే ఎదురవుతాయి.

ముందు పదవుల పట్టీ

వ్యాసం మొదటి వాక్యం రాయకముందే ఒక పట్టీ తయారుచేయండి. ఎక్సెల్‌లో అయినా, పొడుగు నోటుపుస్తకంలో అయినా సరే. గడులు ఇవి: ఎప్పటినుంచి, ఎప్పటివరకు, పదవి, ఏ సభ, ఏ ప్రభుత్వం, నియోజకవర్గం, పదవి ఎలా వచ్చింది (ఎన్నికా, నామినేషనా, నియామకమా), ఆధారం, ఆ ఆధారం మీరు కళ్లారా చూశారా లేక ఇంకొకరు చెప్పిందా. చివరి గడిని చాలామంది పెట్టుకోరు. నాలుగు వెబ్‌సైట్లు ఒకే తేదీ రాస్తే నాలుగు ఆధారాలు దొరికాయనుకుంటారు. చాలాసార్లు ఆ నాలుగూ ఒకే చోటినుంచి ఎత్తి రాసుకున్నవై ఉంటాయి.

ఒక వరుస నింపి చూద్దాం. ఎప్పటినుంచి: 1937 జులై 15. పదవి: డిప్యూటీ స్పీకర్. సభ: మద్రాసు శాసనసభ. ప్రభుత్వం: మద్రాసు ప్రెసిడెన్సీ, 1935 భారత ప్రభుత్వ చట్టం కింద. పదవి ఎలా వచ్చింది: సభ ఎన్నుకుంది. ఆనాటి స్పీకర్ బులుసు సాంబమూర్తి. ఇక ‘ఎప్పటివరకు’ గడి దగ్గర ఆగండి. రాజాజీ మంత్రివర్గం 1939 అక్టోబరులో రాజీనామా చేసింది కాబట్టి ఆమె పదవి కూడా అదే రోజు ముగిసిందని రాసేస్తుంటారు. డిప్యూటీ స్పీకర్‌ను ఎన్నుకునేది సభ. మంత్రివర్గం కూలితే ఆ పదవి దానంతటదే పోదు. ముగింపు తేదీకి విడిగా ఆధారం దొరికేదాకా ఆ గడి ఖాళీగానే ఉండనివ్వండి. ఖాళీ గడి వల్ల నష్టమేమీ లేదు. తప్పు తేదీ మాత్రం పది వ్యాసాల్లోకి పాకుతుంది.

మంత్రి పదవి వరుసలో చిక్కు ఇంకోలా ఉంటుంది. ప్రకాశం మంత్రివర్గం ఏర్పడింది 1946 ఏప్రిల్ 30న. రుక్మిణీ లక్ష్మీపతి పదవీకాలం మే 1 నుంచి 1947 మార్చి 23 వరకు అని కనిపిస్తుంది. ఒక్కరోజు తేడాయే కదా అని రెండింటినీ కలిపేయకండి. ప్రమాణ స్వీకారం, శాఖ కేటాయింపు, ఆ ఉత్తర్వు గెజిట్‌లో అచ్చు కావడం మూడు వేర్వేరు ఘటనలు. మూడూ వేర్వేరు రోజుల్లో జరగొచ్చు. మీరు ఏ తేదీ ఇస్తున్నారో దాని పేరు పక్కనే రాయండి.

ఏ సభ, ఏ ప్రభుత్వం

తెలుగునాట ఈ ఒక్క విషయంలో దొర్లినన్ని తప్పులు మరెక్కడా దొర్లవు. తేదీని బట్టి ప్రభుత్వం పేరు మారిపోతుంది. 1953 అక్టోబరు 1కి ముందు కోస్తా, రాయలసీమ మద్రాసులో ఉండేవి. ఆ తర్వాత ఆంధ్ర రాష్ట్రం. 1956 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్. అంతకుముందు తెలంగాణ జిల్లాలు హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. 2014 జూన్ 2 నుంచి మళ్లీ రెండు రాష్ట్రాలు. 1952లో గెలిచిన హైదరాబాద్ సభ్యురాలిని ‘ఆంధ్రప్రదేశ్ తొలి శాసనసభకు ఎన్నికయ్యారు’ అని రాస్తే చదివేవాళ్లు లేని సంపుటాల కోసం వెతుక్కుంటారు. మసూమా బేగం 1952లో శాలిబండ నుంచి గెలిచింది హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు. 1957లో పత్తర్‌గట్టి నుంచి గెలిచింది ఆంధ్రప్రదేశ్ శాసనసభకు. ఊరు ఒకటే అయినా సభ వేరు, రికార్డు వేరు.

1957 అనగానే ఇంకో సంగతి. ఆంధ్ర ప్రాంతంలో 1955లోనే మధ్యంతర ఎన్నికలు జరిగాయి, 196 స్థానాలకు. అందుకని 1957లో తెలంగాణలోని 105 స్థానాలకే ఎన్నికలు పెట్టారు. 1955లో గెలిచిన కోస్తా, సీమ సభ్యులు 1962 దాకా కొనసాగారు. నెల్లూరులోనో కర్నూలులోనో ఒక సభ్యురాలి పేరు 1957 ఫలితాల్లో కనబడకపోతే ఓడిపోయారని రాయకండి. అప్పుడు అక్కడ ఎన్నికే లేదు.

‘కౌన్సిల్’ అన్న మాట దగ్గరా జాగ్రత్తపడాలి. 1937కి ముందు మద్రాసులో ఉన్నది ఒకటే సభ, దాని పేరే లెజిస్లేటివ్ కౌన్సిల్. 1937 నుంచి శాసనసభ కింది సభ అయింది, కౌన్సిల్ అన్న పేరు పైసభకు వెళ్లింది. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1926లో నామినేట్ అయి, 1927లో డిప్యూటీ ప్రెసిడెంట్‌గా ఎన్నికైంది మొదటి రకం కౌన్సిల్‌కు. రుక్మిణీ లక్ష్మీపతి 1934 ఉప ఎన్నికలో గెలిచిందీ దానికే. వీళ్లను ఎమ్మెల్సీలు అని రాస్తే నేటి పాఠకులకు పైసభ గుర్తొస్తుంది, అర్థమే మారిపోతుంది. ఆంధ్రప్రదేశ్ శాసనమండలి విషయానికొస్తే 1958 జులైలో మొదలై, 1985లో రద్దయి, 2007లో మళ్లీ వచ్చింది. మధ్య ఏళ్లలో ఎవరినైనా ఎమ్మెల్సీ అన్నారంటే ఎక్కడో పొరపాటు జరిగినట్టే.

పేరు ఎన్ని రకాలుగా అచ్చయిందో

వెతకడానికి కూర్చునే ముందు ఆమె పేరు ఎన్ని రూపాల్లో కనిపించవచ్చో రాసి పెట్టుకోండి. ఇంగ్లిష్ సూచికల్లో రుక్మిణీ లక్ష్మీపతి ‘ఆర్’ కింద కాక ‘ఎల్’ కింద ఉంటారు. ‘శ్రీమతి లక్ష్మీపతి’, ‘మిసెస్ లక్ష్మీపతి’ అని భర్త పేరుతోనే ముగించిన చోట్లూ ఉంటాయి. సదాలక్ష్మి పేరు ఒక చోట కలిపి, ఒక చోట ‘సదా’, ‘లక్ష్మి’ అని విడదీసి, ఇంటి అక్షరాలు ముందో వెనకో పెట్టి అచ్చేస్తారు. మసూమాకు ఇంగ్లిష్‌లో కనీసం రెండు వర్ణక్రమాలున్నాయి. ఈశ్వరీబాయి, ఈశ్వరిబాయి, ఈశ్వర్ బాయి మూడూ కనిపిస్తాయి. పెళ్లికి ముందు పేరు, పుట్టింటి ఇంటిపేరు కూడా పట్టీలో చేర్చండి. చదువు రికార్డుల్లో ఉండేది అదే.

స్కాన్ చేసిన పాత తెలుగు పత్రికల్లో కంప్యూటర్ వెతుకులాటను నమ్ముకోవద్దు. పాత అచ్చులోని ఒత్తులు, గుడులు యంత్రానికి సరిగా అందవు. తేదీ పట్టుకుని పేజీ పేజీ తిప్పడమే దారి. అందుకే పదవుల పట్టీ ముందు కావాలన్నది.

ఎన్నికల లెక్కలు

1951–52 నుంచి ప్రతి శాసనసభ ఎన్నికకు ఎన్నికల సంఘం గణాంక నివేదిక ఉంది. సంఘం వెబ్‌సైట్‌లో ఉచితంగా దించుకోవచ్చు. నియోజకవర్గం, మొత్తం ఓటర్లు, పోలైన ఓట్లు, చెల్లినవి, అభ్యర్థులవారీ ఓట్లు ఉంటాయి. ఆనాటి రాష్ట్రం పేరుతో వెతకాలి: 1955కు ‘ఆంధ్ర’, 1951–52కు ‘హైదరాబాద్’ లేదా ‘మద్రాసు’. పాత నివేదికల్లో స్త్రీ పురుష వివరం మీద ఆధారపడి ‘పోటీచేసిన ఏకైక మహిళ’ వంటి మాట రాయకండి; పేర్లు చూసి, పత్రికలతో సరిపోల్చి రాయండి.

1952, 1955, 1957 ఎన్నికల్లో ద్విసభ్య నియోజకవర్గాలున్నాయి. ఒకే చోటినుంచి ఇద్దరు గెలుస్తారు, అందులో ఒక స్థానం ఎస్సీలకో ఎస్టీలకో రిజర్వు. ప్రతి ఓటరుకు రెండు ఓట్లు. కాబట్టి మామూలు పద్ధతిలో శాతం లెక్కకడితే సగం తప్పుతుంది. ఉదాహరణకు చెల్లిన ఓట్లు 60,000, అభ్యర్థికి వచ్చినవి 18,000 అనుకుందాం. ఓట్లలో అది 30 శాతమే. కానీ ఓటేసినవాళ్లు సుమారు 30,000 మందే అయితే వాళ్లలో 60 శాతం ఆమెకు వేసినట్టు. రెండు అంకెల్లో ఏది ఇస్తున్నారో చెప్పండి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థి రిజర్వు స్థానంలోనే గెలిచారని ముందే అనుకోవద్దు కూడా. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానంలో రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులకే దక్కాయి, ఓడింది వి.వి. గిరి. ద్విసభ్య పద్ధతిని 1961 చట్టం రద్దు చేసింది, 1962 నుంచి లేదు.

1937, 1946 ఎన్నికలకు ఈ నివేదికలుండవు. అప్పటి మద్రాసు శాసనసభలో 215 స్థానాలు, అందులో 8 మహిళలకు ప్రత్యేకం. ఆస్తి, చదువు వంటి అర్హతలున్నవాళ్లకే ఓటు. ఆ ఫలితాలు ఆనాటి గెజిట్‌లో, పత్రికల్లో చూడాల్సిందే. మహిళా స్థానం నుంచి గెలిచారా, సాధారణ స్థానం నుంచా అన్నది తప్పకుండా తేల్చుకుని రాయండి.

మంత్రి పదవి: గెజిట్, జీవో, ఫైలు

శాఖల కేటాయింపు ఉత్తర్వు గెజిట్‌లో, చాలావరకు అసాధారణ సంచికలో వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఉత్తర్వు ఇచ్చేది సాధారణ పరిపాలన శాఖ. చదివేటప్పుడు హోదా చూడండి: కేబినెట్ మంత్రి, సహాయ మంత్రి, ఉపమంత్రి, పార్లమెంటరీ కార్యదర్శి. పత్రికలు అందరినీ ‘మంత్రిణి’ అనేవి, గెజిట్ అనదు. శాఖల మార్పు ఉత్తర్వులు కూడా వెతకండి. మధ్యలో ఒక శాఖ తీసేసి ఇంకొకటి ఇచ్చి ఉంటే, ఆ తేదీ తర్వాతి పనిని పాత శాఖ ఖాతాలో వేయడం తప్పు.

ఇక జీవోలు. ఇక్కడే కొత్తవాళ్లు ఎక్కువ నిరాశపడతారు. జీవో ఎంత తిరగేసినా మంత్రి పేరు కనబడదు. ‘గవర్నరు ఉత్తర్వు మేరకు, వారి పేరిట’ అని ఉండి, కింద కార్యదర్శి సంతకం ఉంటుంది. రాజ్యాంగం 166వ అధికరణం ప్రకారం ప్రభుత్వ ఉత్తర్వులన్నీ గవర్నరు పేరిటే వెలువడాలి. కాబట్టి జీవో తేదీ ఆమె పదవీకాలంలో పడిందని మాత్రమే మీకు తెలుస్తుంది, నిర్ణయం ఆమెదని కాదు. నిర్ణయం ఆమెదని చెప్పాలంటే మూడింటిలో ఒకటి కావాలి: నోట్‌ఫైలులో (నిర్ణయానికి ముందు అధికారులు, మంత్రి అభిప్రాయాలు రాసే ఫైలు) ఆమె రాసిన వ్యాఖ్య లేదా పొడి సంతకం, సభలో ఆమె ఇచ్చిన ప్రకటన, ఆనాటి పత్రికలో ఆమె మాటగా వచ్చిన వార్త.

జీవో నంబరు ఒక్కటే రాసుకుంటే మళ్లీ దొరకదు. ప్రతి శాఖకూ నంబర్లు విడిగా, ఏటా ఒకటి నుంచి మొదలవుతాయి. ఎంఎస్ అని ఉందా ఆర్టీ అని ఉందా (ఇవి జీవోల్లో రెండు రకాలు; ఆర్టీ అంటే రొటీన్), నంబరు, శాఖ పేరు, తేదీ నాలుగూ కావాలి. శాఖల పేర్లు మారుతూ వచ్చాయి. ఆనాటి పేరే రాయండి.

నోట్‌ఫైళ్ల కోసం ఉమ్మడి మద్రాసు కాలానికి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పురాలేఖ భవనం (ఆర్కైవ్స్), హైదరాబాద్ రాష్ట్రానికి తార్నాకలోని రాష్ట్ర పురాలేఖ సంస్థ. ఆంధ్రప్రదేశ్ ఫైళ్లు విభజన తర్వాత ఎక్కడున్నాయో ముందే కనుక్కోండి. వెళ్లేముందు పరిశోధకుల అనుమతి పత్రం, గుర్తింపు కార్డు, విద్యాసంస్థ లేఖ సిద్ధం చేసుకోండి. ‘ఆమెకు సంబంధించిన ఫైళ్లన్నీ’ అని అడిగితే ఎవరూ ఇవ్వలేరు. ఫైళ్లను మంత్రి పేరుతో కాదు, శాఖ, సంవత్సరం, జీవో నంబరుతో పేర్చి ఉంచుతారు.

ఇంకా సచివాలయంలోనే ఉన్న ఫైళ్లకు సమాచార హక్కు దరఖాస్తు. రుసుము 10 రూపాయలు, కాపీకి పేజీకి 2 రూపాయలు, జవాబుకు 30 రోజుల గడువు. చట్టంలోని 8(3) సెక్షన్‌ను దరఖాస్తులో ఉటంకించండి: 20 ఏళ్లు దాటిన సమాచారానికి, మంత్రివర్గ పత్రాలు, సభా హక్కుల వంటి కొన్నిటికి తప్ప మినహాయింపులు వర్తించవు. 2014 తర్వాత ఫైలు ఏ రాష్ట్రంలో ఉందో తెలియకపోతే, 6(3) సెక్షన్ కింద సంబంధిత కార్యాలయానికి బదిలీ చేయమని ముందే రాయండి. ఒక దరఖాస్తులో ఒకటే విషయం అడగండి. పది అడిగితే ‘సమాచారం విస్తృతంగా ఉంది’ అన్న జవాబు వస్తుంది.

సభాచర్చలు చదవడం

అసలు గని ఇదే. సమయం తక్కువగా ఉంటే మిగతావన్నీ పక్కనపెట్టి ఇక్కడే కూర్చోండి. ఒక మహిళా మంత్రి గొంతు మనకు వినిపించేది ఈ సంపుటాల్లోనే.

మంత్రిగా ఉన్నవారికైతే ముందు బడ్జెట్ సమావేశాలు తీయండి. ఆమె శాఖ పద్దు (ఖర్చుకు సభను అడిగే మొత్తం) చర్చకు వచ్చిన రోజు వెతకండి. పద్దు ప్రవేశపెడుతూ ఆమె మాట్లాడతారు, సభ్యులు కోత తీర్మానాలు (ఆ మొత్తం తగ్గించాలని కోరే తీర్మానాలు) పెడతారు, చివర ఆమె జవాబు చెబుతారు. ఆ చివరి జవాబు మొత్తం ఏడాదిలో ఆమె చేసే అతి పొడుగైన ప్రసంగం కావచ్చు. పద్దు కింద అడిగిన మొత్తం, కోత తీర్మానాల సంఖ్య, వాటి మీద ఓటింగు జరిగిందా, ఉపసంహరించుకున్నారా అన్నవి రాసుకోండి. రుక్మిణీ లక్ష్మీపతికి దక్కింది పదకొండు నెలలు కూడా నిండని కాలం. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఒక్క పూర్తి ఆర్థిక సంవత్సరం కూడా ఆమె చేతిలో లేదు. అలాంటివారి పనిని అయిదేళ్ల మంత్రి పనితో పోల్చడం అన్యాయం. ఆమె మంత్రి అయిన 1946లోనే దేశ ఆరోగ్య వ్యవస్థ మీద భోర్ కమిటీ నివేదిక వచ్చింది. దాని మీద మద్రాసు సభలో ప్రశ్నలు వచ్చాయా, ఆమె ఏమన్నారు, దేశీయ వైద్యం గురించి ఏ వైఖరి తీసుకున్నారు అన్న ప్రశ్నలతో సంపుటాలు తెరవండి. ప్రశ్న లేకుండా తెరిస్తే వేల పేజీల్లో తప్పిపోతారు.

తర్వాత ప్రశ్నోత్తరాలు. నక్షత్ర గుర్తున్న ప్రశ్నకు (సభలో నోటితో జవాబు చెప్పాల్సినది) నంబరుంటుంది, ఎ, బి, సి అని భాగాలుంటాయి, జవాబుకూ అవే భాగాలు. ఆ జవాబు శాఖ తయారుచేసి ఇచ్చింది, మంత్రి చదువుతారంతే. దాన్ని ఆమె మాటగా ఉటంకించకండి. కిందికి దిగి అనుబంధ ప్రశ్నలు చదవండి. వాటికి నంబరుండదు, ముందస్తు నోటీసుండదు, అక్కడికక్కడ చెప్పాలి. విషయం మీద ఆమెకు ఎంత పట్టుందో, ఎక్కడ ‘నోటీసు కావాలి’ అని తప్పుకున్నారో, ఎక్కడ సభ్యుడిని సవరించారో అక్కడే తెలుస్తుంది. ఒక సమావేశంలోని అనుబంధ ప్రశ్నలన్నీ వరుసగా చదివితే ఆ మనిషి తీరు మీకు అందుతుంది.

డిప్యూటీ స్పీకర్‌గా, స్పీకర్‌గా ఉన్నవారి విషయంలో పేరు పట్టుకుని వెతికితే ఏమీ దొరకదు. అధ్యక్ష స్థానంలో ఉన్నప్పుడు అచ్చులో హోదా పేరే ఉంటుంది. ‘డిప్యూటీ స్పీకర్ అధ్యక్షస్థానంలో’ అని బ్రాకెట్లో వచ్చే చిన్న పంక్తి వెతకండి. అక్కడినుంచి స్పీకర్ తిరిగొచ్చేదాకా సభ నడిపింది ఆమే. ఇచ్చిన రూలింగులు (సభా నియమాల మీద అధ్యక్ష స్థానం ఇచ్చే తీర్పులు) విడిగా రాసుకోండి. సదాలక్ష్మి 1960 నుంచి 1962 వరకు డిప్యూటీ స్పీకర్. ఆ రెండేళ్లలో ఆమె సభను ఎలా నడిపారో ఈ చిన్న పంక్తుల వెంట పోతేనే తెలుస్తుంది.

స్పీకర్ పదవీకాలంలో ఒక మెలిక ఉంది. సభ రద్దయితే ఎమ్మెల్యే పదవి పోతుంది, డిప్యూటీ స్పీకర్ పదవీ పోతుంది. స్పీకర్ మాత్రం కొత్త సభ తొలి సమావేశానికి ముందువరకు కొనసాగుతారు, 179వ అధికరణం ప్రకారం. కావలి ప్రతిభా భారతి 1999 నవంబరులో ఆంధ్రప్రదేశ్ తొలి మహిళా స్పీకర్ అయ్యారు. సభ 2003 నవంబరులో రద్దయినా ఆమె స్పీకర్‌గా ఉన్నది 2004 మే చివరిదాకా. రెండు తేదీలూ సరైనవే. ఒకటి తప్పని దిద్దకండి.

ప్రతిపక్షంలో ఉన్నవారిని మర్చిపోవద్దు. ఎల్లారెడ్డిలో 1962లో కాంగ్రెస్ నుంచి సదాలక్ష్మి గెలిచారు. 1967లో రిపబ్లికన్ పార్టీ నుంచి జె. ఈశ్వరీబాయి, 1972లోనూ ఆమే. మంత్రి పదవి లేని ఈశ్వరీబాయి వృత్తాంతం అంతా ప్రశ్నల్లో, కోత తీర్మానాల్లో, వాయిదా తీర్మానాల్లో ఉంటుంది. ప్రభుత్వాన్ని ఏ విషయంలో ఎన్నిసార్లు నిలదీశారో విషయాలవారీగా లెక్క తీయండి. సగటు మంత్రి జీవితచరిత్ర కంటే అది బలమైన వ్యాసం అవుతుంది.

ప్రసంగం ఎదుట నక్షత్రం గుర్తుంటే, దాని అర్థం ఏమిటో పేజీ అడుగున రాసి ఉంటుంది: వక్త అచ్చుప్రతిని సరిచూశారా లేదా అన్నది. ఉటంకించేటప్పుడు సంపుటి, సంచిక, తేదీ, పేజీతో పాటు ఇదీ రాసుకోండి. ప్రసంగం ఏ భాషలో చేశారో కూడా. ఇంగ్లిష్‌లోనో ఉర్దూలోనో మాట్లాడినదాన్ని మీరు తెలుగు చేస్తే, అనువాదం మీదని చెప్పండి.

పత్రికలు, ఇంటివాళ్లు

మద్రాసు కాలానికి ఆంధ్రపత్రిక (దినపత్రికగా 1914 నుంచి), ఆంధ్రప్రభ (1938 నుంచి), మహిళల విషయాలకు కె.ఎన్. కేసరి నడిపిన గృహలక్ష్మి. హైదరాబాద్‌కు గోలకొండ పత్రిక. ప్రెస్ అకాడమీ డిజిటల్ భాండాగారంలో చాలా సంచికలున్నాయి. కాగితం ప్రతులకు హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం మంచి చోటు. వార్త మొదట్లో ఉండే ఊరు, తేదీ రాసుకోండి. పత్రిక తేదీనే ఘటన తేదీగా రాస్తే ఒకటి రెండు రోజులు జరిగిపోతుంది. కాంగ్రెస్ మంత్రి గురించి కాంగ్రెస్ అభిమాన పత్రిక ఒక్కటే చదివి ఆగకండి. 1952 తర్వాత అయితే విశాలాంధ్ర కూడా చూడండి.

కుటుంబ సభ్యులను కలిసినప్పుడు తేదీలు అడగొద్దు. తేదీలు మీ పట్టీలో ఉన్నాయి, వాళ్లకు గుర్తుండవు. కాగితాలు అడగండి: పర్యటన కార్యక్రమాల పత్రాలు, శంకుస్థాపన ఆహ్వానాలు, డైరీలు, ఫొటోలు. ఫొటో వెనకవైపు కూడా తీసుకోండి, స్టూడియో ముద్ర, చేతిరాత ఉండొచ్చు. ఆమె పేషీలో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే ముందు వాళ్లతో మాట్లాడండి. రోజువారీ పని ఎలా సాగిందో ఇంటివాళ్లకంటే వాళ్లకు బాగా తెలుసు. సన్మాన సంచికల్లోని పొగడ్తలను ఆధారంగా తీసుకోకండి, అందులోని ఫొటోలు, జాబితాలు వాడుకోండి.

‘తొలి’ అనే ముందు

ఆ మాట పక్కన మూడు విషయాలుండాలి: ఎక్కడ, ఏ పదవిలో, ఏ హోదాలో. విజయలక్ష్మీ పండిట్ 1937లోనే యునైటెడ్ ప్రావిన్సెస్‌లో మంత్రి. కాబట్టి రుక్మిణీ లక్ష్మీపతి ‘దేశంలో తొలి మహిళా మంత్రి’ కారు. మద్రాసు ప్రెసిడెన్సీలో తొలి. మసూమా బేగం 1960లో సంజీవయ్య మంత్రివర్గంలో చేరింది ఆంధ్రప్రదేశ్‌లో. సబితా ఇంద్రారెడ్డి 2009లో హోంమంత్రి అయింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో. ‘తొలి మహిళా డిప్యూటీ’ అన్నది ముత్తులక్ష్మీ రెడ్డికీ రాస్తారు, రుక్మిణీ లక్ష్మీపతికీ రాస్తారు. ఒకరు 1927 కౌన్సిల్ డిప్యూటీ ప్రెసిడెంట్, మరొకరు 1937 శాసనసభ డిప్యూటీ స్పీకర్. సభ పేరు రాస్తే తగవే లేదు. ఎంత సరిదిద్దినా ఆ మాట వ్యాసంలో ఒక్కసారి వస్తే చాలు.

రాసేటప్పుడు

క్రియాపదాల మీద కాపలా పెట్టండి. ప్రతిపాదించారు, ప్రవేశపెట్టారు, ఆమోదం పొందారు, అమలు చేశారు... ఇవి నాలుగు వేర్వేరు పనులు, నాలుగింటికీ వేర్వేరు కాగితాలు కావాలి. దేవదాసీ పద్ధతి మీద సభలో పోరాడిన ముత్తులక్ష్మీ రెడ్డి 1930లో గాంధీజీ అరెస్టుకు నిరసనగా కౌన్సిల్‌కు రాజీనామా చేశారు. దేవదాసీలుగా అంకితం చేయడాన్ని నిషేధించే మద్రాసు చట్టం వచ్చింది 1947లో. ‘ఆమె చట్టం తెచ్చారు’ అని ఒక ముక్కలో తేల్చేస్తే మధ్య పదిహేడేళ్ల జాప్యం మాయమవుతుంది. ఆ జాప్యానికి కారణమైనవాళ్లూ తప్పించుకుంటారు.

‘ఎనలేని సేవలందించారు’, ‘మహిళాలోకానికి ఆదర్శం’ వంటివి కొట్టేసి, ఆ చోట ఒక పద్దు మొత్తమో, ఒక జవాబో పెట్టండి. ‘భర్త ప్రోత్సాహంతో రాజకీయాల్లోకి వచ్చారు’ అన్న వాక్యం ఆధారం లేకుండా ఎన్ని వ్యాసాల్లో ఉందో లెక్కలేదు. రుక్మిణీ లక్ష్మీపతి 1930 వేదారణ్యం ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు, ఆ ఉద్యమంలో జైలుపాలైన తొలి మహిళ ఆమే అంటారు. అలాంటి మనిషి రాజకీయాన్ని ఆమె పనితోనే మొదలుపెట్టండి. భర్త పేరు కుటుంబ వివరాల దగ్గర వస్తుంది. వ్యాసం పొడుగునా పేరు చివర గారు అక్కర్లేదు; ‘ఆమె’, ‘చేశారు’ అంటే మర్యాద నిలుస్తుంది. కులం, మతం ఆమె రాజకీయంలో భాగమైన చోట సూటిగా రాయండి. దళిత మహిళ అయిన సదాలక్ష్మి దేవాదాయ శాఖ చూశారన్నది, ఆ మొదటి మాట లేకపోతే సగం అర్థమే.

ఓటములు, పదవి పోయిన కారణాలు, టిక్కెట్టు రాని ఎన్నికలు కూడా తేదీలతో రాయండి. పదవి తర్వాత ఏం చేశారో రెండు పేరాలైనా ఉండాలి.

వ్యాసం పూర్తయ్యాక పదవుల పట్టీని, మీరు తీసిన సభాచర్చల పేజీల జాబితాను ఒక కాపీ చేసి ఆమె సొంత నియోజకవర్గంలోని గ్రంథాలయానికి ఇవ్వండి. ఖాళీగా మిగిలిన గడుల దగ్గర, మీరు వెతికిన సంపుటాలు ఏవో, ఇంకా చూడనివి ఏవో రాసిపెట్టండి. తర్వాత వచ్చేవాళ్లు అక్కడినుంచి మొదలుపెడతారు.